డిగ్రీ చదువులో కంప్యూటర్ ప్రాథమికాలు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్

తెలుగు రాష్ట్రాల్లో బీఏ, బీకాం, బీఎస్సీ చదివే చాలామందికి ఏదో ఒక సెమిస్టరులో తగిలే చిన్న కోర్సు ఇది. కంప్యూటర్ భాగాలు, విండోస్, ఫైళ్లు, ఫోల్డర్లు, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, ఈమెయిల్, ఇంటర్నెట్... సిలబస్ ఎక్కడైనా దాదాపు ఇంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో సీబీసీఎస్ (ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) విధానం వచ్చాక దీన్ని ఐసీటీ పేరుతో ఫౌండేషన్ కోర్సుల్లో చేర్చారు. మొదటి భాగం ‘కంప్యూటర్ ఫండమెంటల్స్ అండ్ ఆఫీస్ టూల్స్’, రెండోది ‘ఇంటర్నెట్ ఫండమెంటల్స్ అండ్ వెబ్ టూల్స్’. అప్పట్లో వారానికి 2 గంటలు, 2 క్రెడిట్లు. ఉస్మానియా పరిధిలోని బీకాం కంప్యూటర్స్ వాళ్లకు ఇదే సరుకు ‘ఫండమెంటల్స్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ’ పేపరులో కనిపిస్తుంది. కళాశాల గేటు దాటితే డీసీఏ, పీజీడీసీఏ, ‘ఎంఎస్ ఆఫీస్ కోర్సు’ అన్న బోర్డుల కింద చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది.

మార్కుల లెక్కలో దీని వాటా తక్కువే. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అవసరపడే చదువు మాత్రం డిగ్రీ మొత్తంలో బహుశా ఇదొక్కటే. మూడేళ్లు చదివిన చరిత్రో రసాయనశాస్త్రమో ఎవరూ అడగకపోవచ్చు. ‘ఈ లిస్టును మండలాల వారీగా విడదీసి సాయంత్రంలోగా పంపు’ అని మాత్రం ఎవరో ఒకరు అడుగుతారు.

టైపు ఇన్‌స్టిట్యూట్ల నుంచి

ఈ కోర్సుకు పూర్వీకులు విశ్వవిద్యాలయాల్లో లేరు, టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఉన్నారు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు, డిగ్రీ చదువుతూ సాయంత్రం ఒక గంట వెళ్లొచ్చే అమ్మాయిలు, వరసగా బల్లల మీద రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లు... రెండు మూడు తరాల తెలుగువారికి ఉద్యోగ సాధన అక్కడే మొదలైంది. మొదటి పాఠం ‘ఏ ఎస్ డి ఎఫ్’, కుడిచేతి వైపు ‘సెమికోలన్ ఎల్ కె జె’. సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించే ఇంగ్లిష్ టైపు పరీక్షలో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు. ఆ సర్టిఫికెట్ ఉంటే కోర్టులోనో కలెక్టరేట్‌లోనో టైపిస్టు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గోద్రెజ్ సంస్థ 1955లో మన దేశంలో టైపు మిషన్ల తయారీ మొదలుపెట్టి, 2009లో ఆపేసింది. మిషన్ పోయినా కీబోర్డు పోలేదు. 1870లలో అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ కుదిర్చి రెమింగ్టన్ కంపెనీ అమ్మిన అక్షరాల వరసే ఇవాళ ల్యాప్‌టాప్ మీదా, ఫోను తెర మీదా ఉంది.

కంప్యూటర్ శిక్షణ వ్యాపారంగా దేశంలో అడుగుపెట్టింది 1980లలో. ఎన్ఐఐటీ 1981లో, ఆప్టెక్ 1986లో మొదలయ్యాయి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బ్రిటన్ నుంచి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. తర్వాత డోయెక్ సంస్థ ఓ, ఏ, బీ, సీ అంటూ మెట్ల లెక్కన కోర్సులు పెట్టింది. అదే 2011లో నైలిట్‌గా పేరు మార్చుకుంది. దాని ‘కోర్స్ ఆన్ కంప్యూటర్ కాన్సెప్ట్స్’, అందరూ పిలిచే సీసీసీ, 80 గంటల కోర్సు. అందులో 50 గంటలు ప్రాక్టికల్స్‌కే. డిగ్రీలో వారానికి 2 గంటల చొప్పున 15 వారాలు లెక్కేస్తే వచ్చేది 30 గంటలు. ఆ ముప్పైలోనే థియరీ, ల్యాబ్ రెండూ ఇమడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ చదువుకు గిరాకీ పెరిగిన కాలం 1990ల చివర. 1998 నవంబరులోనే రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటర్ల మీదకు తెచ్చే ‘కార్డ్’ పథకం మొదలైంది, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో ఈ-సేవ కేంద్రాలు, 2011లో మీసేవ వచ్చాయి. ప్రభుత్వ కాగితం మీద చేతిరాత తగ్గుతున్న కొద్దీ కంప్యూటర్ ముందు కూర్చోగల మనుషులు కావాల్సి వచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ వెలిసిన శిక్షణ సంస్థల పేరు చెబితే జావా, ఒరాకిల్ గుర్తొస్తాయి గానీ, జిల్లా పట్టణాల్లో అదే ఊపులో పుట్టిన చిన్న సెంటర్లు బతికింది ఎంఎస్ ఆఫీస్, డీటీపీ, టాలీ మీదే.

సాఫ్ట్‌వేర్ వంశవృక్షం

పాత పీజీడీసీఏ నోట్సులు తిరగేస్తే మూడు పేర్లు కనిపిస్తాయి. వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3, డీబేస్. రాయడానికి ఒకటి, లెక్కలకు ఒకటి, జాబితాలకు ఒకటి. ఈ మూడు పనుల విభజనే నేటి సిలబస్‌లోనూ యూనిట్లుగా నిలిచి ఉంది.

వర్డ్‌స్టార్ 1970ల చివర వచ్చింది. దాన్లో మౌస్ లేదు. కంట్రోల్ మీటతో పాటు ఈ, ఎస్, డీ, ఎక్స్ మీటలు నొక్కితే కర్సర్ నాలుగు దిక్కులా కదిలేది. అంతకు ముందే, 1970లలోనే, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో ఛార్లెస్ సిమోనీ బృందం ‘బ్రేవో’ అనే ఎడిటర్ రూపొందించింది. తెర మీద చూసిందే కాగితం మీదకు రావాలన్నది దాని పట్టుదల. సిమోనీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరారు, 1983లో వర్డ్ వెలువడింది. అదే జిరాక్స్ శాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి చేసిన ‘జిప్సీ’ ఎడిటర్‌తో కట్, కాపీ, పేస్ట్ ఇప్పటి రూపం తీసుకున్నాయి. విద్యార్థి జీవితంలో ఇంత దూరం వ్యాపించిన ఆవిష్కరణ మరొకటి ఉండదు. రికార్డు పుస్తకాలు, ప్రాజెక్టు రిపోర్టులు దానికి సాక్ష్యం.

స్ప్రెడ్‌షీట్ మాత్రం నేరుగా తరగతి గదిలో పుట్టింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి డాన్ బ్రిక్లిన్‌కు, బోర్డు మీద లెక్కలో ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చిరాకనిపించింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన చేసిన విజీకాల్క్ 1979లో యాపిల్-2 మీద వచ్చింది. ఆ ఒక్క ప్రోగ్రాము కోసమే కంప్యూటర్ కొన్న వ్యాపారులున్నారు. 1983లో లోటస్ 1-2-3 దాన్ని దాటేసింది. ఎక్సెల్ 1985లో ముందుగా మెకింటాష్ మీద, 1987లో విండోస్ మీద వెలువడింది. పవర్‌పాయింట్ ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీది. 1987లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. వీటిని ఒక మూటగా కట్టి ‘ఆఫీస్’ పేరుతో 1989లో మెకింటాష్‌కు, 1990లో విండోస్‌కు అమ్మారు. 2007లో మెనూల స్థానంలో ‘రిబ్బన్’ వచ్చింది. పాత మెనూలకు అలవాటు పడ్డ అధ్యాపకులు ఆ ఏడాది పాఠాలన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

డీబేస్ వారసుడిగా మన దగ్గర చాలాకాలం ఏలింది ఫాక్స్‌ప్రో. దాని స్థానంలో సిలబస్‌లోకి యాక్సెస్ వచ్చింది. ఐచ్ఛికంగా నేర్పే కళాశాలలే ఎక్కువ.

వర్డ్: ఎంటర్ మీట సమస్య

వర్డ్ అందరికీ వచ్చినట్టే ఉంటుంది, అందుకే సరిగా రాదు. కొత్త పేజీ కావాలంటే ఎంటర్ మీట నొక్కుతూ కిందికి పోవడం, సంతకం కుడివైపు రావాలంటే స్పేస్ బార్ నొక్కుతూ పోవడం ల్యాబులో రోజూ కనిపించే దృశ్యం. పైన ఒక వాక్యం చేరిస్తే కింద అంతా చెదిరిపోతుంది. పేజ్ బ్రేక్, ట్యాబ్, పేరా అలైన్‌మెంట్ ఉన్నది ఇందుకే. అన్నిటికన్నా తక్కువ వాడేది ‘స్టైల్స్’. శీర్షికకు చేత్తో బోల్డ్ పెట్టి సైజు పెంచితే మనిషి కంటికి అది శీర్షిక, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం లావు అక్షరాల మామూలు లైను. ‘హెడింగ్ 1’ అని గుర్తు పెడితే విషయ సూచిక దానంతటదే తయారవుతుంది. అరవై పేజీల ప్రాజెక్టు రిపోర్టుకు పేజీ నంబర్లు చేత్తో వేసి, చివరి రోజు ఒక బొమ్మ చేర్చి, మళ్లీ అన్నీ దిద్దుకున్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

చిన్న చిక్కు ఒకటుంది, చాలా పుస్తకాలు దాన్ని వదిలేస్తాయి. అమెరికా సెట్టింగులతో ఉన్న కంప్యూటర్‌లో కొత్త డాక్యుమెంటు ‘లెటర్’ సైజు కాగితానికి తెరుచుకుంటుంది. అది 216 × 279 మిల్లీమీటర్లు. మన ప్రింటరులో ఉండేది ఏ4, 210 × 297. తెర మీద చక్కగా ఉన్న పేజీ ప్రింటులో అంచులు మారి రావడానికి తరచూ కారణం ఇదే.

ఆఫీసు దృష్టితో చూస్తే వర్డ్‌లో నిజమైన సంపాదన పాఠం మెయిల్ మెర్జ్. ఉత్తరం ఒకటి, పేర్లు చిరునామాల జాబితా ఒకటి. రెండూ కలిపితే రెండు వందల హాల్ టికెట్లో నోటీసులో ఒకేసారి తయారు. సిలబస్‌లో ఇది ఉంటుంది, పరీక్షలో ‘మెయిల్ మెర్జ్ అనగానేమి, దశలు వివరించుము’ అని ఐదు మార్కుల ప్రశ్నా వస్తుంది. దశలన్నీ వరసగా రాసి, జీవితంలో ఒక్కసారి కూడా చేయని విద్యార్థులు కోకొల్లలు.

ఎక్సెల్: అసలు చదువు ఇక్కడ

ఈ కోర్సులో ఆలోచన నేర్పే భాగం ఎక్సెల్. సమ్, యావరేజ్, ఇఫ్, కౌంట్‌ఇఫ్, సార్ట్, ఫిల్టర్, చార్టు, చివరగా వీలుకప్, పివట్ టేబుల్... ఇవి పనిముట్లు. వాటి కింద మూడు సంగతులున్నాయి. అవి పట్టుబడితే మెనూ ఎక్కడున్నా వెతుక్కోవచ్చు.

మొదటిది, సెల్‌లో కనిపించేదీ ఉన్నదీ ఒకటి కాకపోవచ్చు. తేదీ అని మనకు కనిపించేది లోపల ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా తీసుకుని అక్కడి నుంచి లెక్కపెడుతుంది. 1900 లీపు సంవత్సరం కాకపోయినా అవునన్నట్టు ఎక్సెల్ ఫిబ్రవరి 29ని చూపిస్తుంది. లోటస్‌లో ఉన్న తప్పును, ఆ ఫైళ్లు సరిగా తెరుచుకోవాలని, తెలిసే కొనసాగించారు. విద్యార్థికి దీనివల్ల నష్టమేమీ లేదు. 3/4 అని కొడితే ఏప్రిల్ 3 అవుతుందా, మార్చి 4 అవుతుందా అన్నదే అతనికి ముఖ్యం. అది కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగు మీద ఉంటుంది. ‘ఇంగ్లిష్ ఇండియా’ ఎంచుకుంటే రోజు ముందు వస్తుంది, లక్షకు కామా కూడా మన పద్ధతిలో 1,00,000 అని పడుతుంది. లేకపోతే 100,000. ల్యాబులో సిస్టమ్‌లన్నిటికీ ఈ ఒక్క మార్పు చేసి పెడితే సగం గందరగోళం పోతుంది.

ఎక్సెల్‌కున్న ఈ తేదీల మోజుకు శాస్త్రవేత్తలు సైతం తల వంచారు. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న మానవ జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండటంతో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ చివరికి ఆ పేర్లనే మార్చింది. మార్పులతో కూడిన మార్గదర్శకాలు 2020లో వెలువడ్డాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం అప్పటికి మారలేదు.

అంకెలకూ హద్దుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తు పెట్టుకుంటుంది. పన్నెండంకెల ఆధార్ నంబరుకు ఇబ్బంది లేదు. పదహారు, పదిహేడు అంకెల బ్యాంకు ఖాతా నంబరు మామూలుగా కొడితే చివరి అంకెలు సున్నాలైపోతాయి. ముందు సున్నా ఉన్న నంబరు ఆ సున్నాను పోగొట్టుకుంటుంది. స్కాలర్‌షిప్ జాబితా తయారుచేసే గుమాస్తా చేతిలో ఇది ఎవరిదో ఫీజు డబ్బు ఆగిపోయే సంగతి. కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోవడం, లేదా నంబరుకు ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టడం దీనికి మందు. ఖాతా నంబరుతో కూడికలు తీసివేతలు ఎవరూ చేయరు కనుక అది అంకెల రూపంలో ఉన్న పేరు మాత్రమే అని చెబితే విద్యార్థులకు వెంటనే ఎక్కుతుంది.

రెండో సంగతి, ఫార్ములాలో రాసేది చిరునామా. డీ2 సెల్‌లో బీ2, సీ2 గుణించి కిందికి లాగితే డీ3లో అది బీ3, సీ3 అవుతుంది. ఈ కదలికే స్ప్రెడ్‌షీట్ బలం. కానీ జీఎస్టీ శాతం ఒకే సెల్‌లో ఉంటే అది కదలకూడదు. అప్పుడు డాలర్ గుర్తు పెట్టి బిగిస్తారు, ఎఫ్4 మీట ఆ పని చేస్తుంది. బిగించాల్సినవీ వదలాల్సినవీ తేల్చుకోగలిగిన విద్యార్థికి ఎక్సెల్ వచ్చినట్టే. వీలుకప్‌లో నాలుగో భాగం ఖాళీగా వదిలితే అది ‘దాదాపు సరిపోయే’ విలువ తెస్తుందని, కచ్చితమైనది కావాలంటే ‘ఫాల్స్’ అని రాయాలని చెప్పని పాఠం అసంపూర్ణం. తప్పు జవాబు ఇచ్చి కూడా అది ఎర్రగుర్తు చూపదు.

మూడోది, తీసుకున్న పరిధి సరైనదా అని ప్రతిసారీ చూసుకోవడం. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ప్రభుత్వ అప్పుకూ అభివృద్ధి రేటుకూ ఉన్న సంబంధం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసం వెనక ఒక ఎక్సెల్ షీటు ఉంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ ఆ షీటు తెప్పించుకుని చూశాడు. సగటు తీసిన చోట ఐదు అడ్డువరసలు (రోలు) ఎంపికలో రాలేదు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయి. వ్యాసం మీద వచ్చిన విమర్శల్లో ఇదొక భాగమే, గుర్తుండిపోయింది మాత్రం ఇదే. మౌస్‌తో లాగేటప్పుడు ఒక రో ముందే వదిలేయడం మొదటి సెమిస్టరు విద్యార్థి చేసే తప్పే.

2020 శరత్కాలంలో ఇంగ్లాండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి ఎక్కలేదు. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 రోలే పడతాయి. అంతకు మించిన సమాచారం మౌనంగా రాలిపోయింది. 2007 తర్వాతి ఫార్మాట్‌లో 10,48,576 రోలు ఉన్నాయి. ‘సేవ్ యాజ్’ పెట్టెలో ఫైలు రకం ఎందుకు చూడాలి అనే విద్యార్థికి చెప్పదగిన ఉదాహరణ ఇంతకన్నా మంచిది లేదు.

పవర్‌పాయింట్ గురించి చెప్పాల్సింది తక్కువ. విద్యార్థులకు అది తొందరగా వస్తుంది, యానిమేషన్లు ఇంకా తొందరగా వస్తాయి. స్లైడు మీద పేరాలకు పేరాలు అతికించి వాటినే చదివి వినిపించే అలవాటు అధ్యాపకుల నుంచే వస్తుంది కాబట్టి దాన్ని మాన్పించడం కష్టం.

తెలుగు రాయడం

ఈ కోర్సు సిలబస్ ఎక్కువగా ఇంగ్లిష్ చుట్టూనే నడుస్తుంది. వర్డ్‌లో తెలుగు ఎలా రాయాలన్నది చాలాచోట్ల యూనిట్లలో ఉండదు. అర్జీలు, పంచాయతీ తీర్మానాలు, పాఠశాల నోటీసులు తెలుగులో కావాల్సిన చోట ఇది పెద్ద లోటు.

తెలుగు టైపింగ్‌లో రెండు ప్రపంచాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి డీటీపీ ప్రపంచం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు. పెళ్లి శుభలేఖ నుంచి వారపత్రిక దాకా దశాబ్దాలు దీని మీదే అచ్చయ్యాయి. ఈ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు దర్శనమిస్తాయి. గూగుల్ వెతకలేదు, ఎక్సెల్ అక్షర క్రమంలో పేర్చలేదు.

రెండోది యూనికోడ్. 1991లో వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటుంది, 128 స్థానాలు కేటాయించారు. వాడుకలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో ‘గౌతమి’ ఫాంటు వచ్చింది. యూనికోడ్‌లో ‘క్ష’ అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. వాటిని ఒక్క అక్షరంగా చూపించే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. అందుకే పాత పేజ్‌మేకర్ లాంటి వాటిలో యూనికోడ్ తెలుగు ముక్కలైపోయేది. డీటీపీ వాళ్లు అను ఫాంట్లను వదలకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు.

యూనికోడ్ టైపింగుకు దారులు రెండు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. భారతీయ భాషలన్నిటికీ అమరిక ఒకటే కాబట్టి తెలుగులో నేర్చుకుంటే కన్నడంలో కూడా వేళ్లు వాటంతటవే వెళ్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో ఇది ఉంది. రెండోది ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి. లేఖిని లాంటి వెబ్ పరికరాలతో తెలుగు బ్లాగర్లు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. 2019 మే నవీకరణ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. ఫోనులో వాట్సాప్ సందేశాలు ఇలా రాసే అలవాటున్న పిల్లలకు ఇది పదిహేను నిమిషాల పాఠం. సిలబస్‌లో ఆ పదిహేను నిమిషాలకు చోటు ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు.

ల్యాబు, పరీక్ష, ఫోను

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. కనుక డిగ్రీలో చేరే గ్రామీణ విద్యార్థికి ల్యాబులో ఉన్న సిస్టమే తరచూ మొదటి కంప్యూటర్. ఒక సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చుంటే మౌస్ పట్టుకునేది ఒకరే. ఆ ఒకరు ఎవరన్నది ప్రతి వారం మారేలా చూడటం అధ్యాపకుడి పని. అలా చూడని చోట ధైర్యం ఉన్నవాడు ఇంకా నేర్చుకుంటాడు, వెనక నిలబడ్డ అమ్మాయి చూసి రికార్డు రాస్తుంది.

పదేళ్ల కిందటి విద్యార్థికి కంప్యూటరంటే భయం. ఇప్పటివారికి ఆ భయం లేదు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కొత్త చిక్కు ఫైలు ఎక్కడుందో తెలియకపోవడం. ఫోనులో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట మ్యూజిక్ యాప్‌లో ఉంటుంది. డ్రైవ్, ఫోల్డర్, అందులో ఫోల్డర్ అనే చెట్టు వాళ్లు ఎన్నడూ చూడలేదు. చేసిన పని ‘ఎక్కడో’ సేవ్ అయి, వచ్చే వారం ల్యాబులో దొరకదు. కంప్యూటర్ తరాలు, మొదటి తరంలో వాక్యూమ్ ట్యూబులు అంటూ గడిపే గంటల్లో ఒకటి తీసి ఫైలుకు పేరు పెట్టడం, ఫోల్డరు కట్టడం, జిప్ చేయడం, పెన్‌డ్రైవ్‌ను సరిగా తీయడం మీద పెడితే మిగతా కోర్సు అంతా తేలికవుతుంది.

పరీక్ష విధానమే ఈ చదువుకు ఎక్కువ చేటు చేసింది. సెమిస్టరు చివర కాగితం మీద ‘ఎక్సెల్ లక్షణాలు వ్రాయుము’ అని అడిగినంత కాలం గైడు పుస్తకం చదివినవాడికే మార్కులు. దీనికి భిన్నంగా ఏపీపీఎస్సీ గ్రూప్-2 అభ్యర్థులకు పెట్టే కంప్యూటర్ ప్రొఫిషియన్సీ పరీక్ష పూర్తిగా సిస్టమ్ మీదే నడుస్తుంది. వర్డ్‌లో 100 నుంచి 150 పదాల ఉత్తరం, ఎక్సెల్‌లో పట్టిక లేదా గ్రాఫు, రెండు స్లైడ్లు, ఒక డేటాబేస్, ఈమెయిల్. డిగ్రీ విద్యార్థి మూడో ఏడాదిలో ఇదే పరీక్ష రాస్తే ఎంతమంది గట్టెక్కుతారో కళాశాలలు ఒకసారి చూసుకోదగ్గ విషయం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోని జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, తెలంగాణలోని టీఎస్‌కేసీలు ఈ లోటును కొంత పూడుస్తాయి. అవి నేర్పేది చేతి పని, అడిగేదీ చేతి పనే. బయట దేశాల్లో కూడా ఇదే ధోరణి. ఫిన్లాండ్‌లో 1988లో మొదలైన ‘కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్స్’ ఆలోచన 1990లలో యూరప్ అంతటికీ వ్యాపించింది.

లైసెన్సు ప్రశ్న

సిలబస్‌లో ‘ఎంఎస్ వర్డ్’ అని కంపెనీ పేరు రాసి ఉంటుంది గానీ ‘వర్డ్ ప్రాసెసర్’ అని ఉండటం అరుదు. ఇంట్లో కంప్యూటర్ కొన్న విద్యార్థి ఆఫీస్ కొనలేక, ఎవరో ఇచ్చిన దొంగ కాపీ వేసుకుని వైరస్ తెచ్చుకోవడం మామూలు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ గురించి అతనికి ఎవరూ చెప్పరు. సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొన్న స్టార్‌ఆఫీస్ నుంచి ఓపెన్‌ఆఫీస్, దాన్నుంచి 2010లో లిబ్రేఆఫీస్ పుట్టాయి. దాని ఓడీఎఫ్ ఫైలు ఫార్మాట్ 2006లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ కొత్త ఫార్మాట్‌కు ఆ గుర్తింపు 2008లో దక్కింది. కేరళ 2000 దశకంలోనే ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకు తెచ్చింది. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లిబ్రేఆఫీస్ రైటర్, కాల్క్, ఇంప్రెస్ పాఠాలు తెలుగు మాటలతో సైతం ఉన్నాయి. ఒక్కో పాఠం పది నిమిషాల పైచిలుకు, పక్కనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుని చేస్తూ చూడాలి. లిబ్రేఆఫీస్‌లో నేర్చుకున్న స్టైల్స్, డాలర్ గుర్తు, ఫిల్టర్ ఎంఎస్ ఆఫీస్‌లోనూ అలాగే పనిచేస్తాయి. రెండిట్లో చేసి చూసినవాడు మెనూను బట్టీ పట్టడు.

ఆఫీస్ తర్వాత

2006లో వచ్చిన గూగుల్ డాక్స్, తర్వాత మైక్రోసాఫ్ట్ సొంత ఆన్‌లైన్ రూపాలు సేవ్ మీట అవసరాన్నే తగ్గించాయి. ఒకే షీటులో నలుగురు ఒకేసారి రాయవచ్చు, ఎవరు ఏది మార్చారో చరిత్ర చూడవచ్చు. గ్రూపు ప్రాజెక్టుల్లో పని ఎవరు చేశారో తేల్చడానికి అధ్యాపకులు దీన్ని వాడుకుంటున్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ, 2023లో మైక్రోసాఫ్ట్ కోపైలట్ వచ్చాక ఫార్ములా గుర్తు పెట్టుకోవాల్సిన అవసరమూ తగ్గింది. కావాల్సింది మాటల్లో చెబితే ఫార్ములా రాసిపెడుతుంది. అది తీసుకున్న పరిధిలో ఐదు రోలు తగ్గాయేమో చూసేవాళ్లు మాత్రం ఇంకా కావాలి.

ఉద్యోగాల వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడ్డ గ్రామ సచివాలయాలు డిజిటల్ అసిస్టెంట్ అనే పోస్టును ఊరి దాకా తెచ్చాయి. మీసేవ కేంద్రాలు, నెట్ సెంటర్లు, ఆడిటర్ల ఆఫీసులు, ఆస్పత్రులు, రైస్ మిల్లులు, సూపర్ మార్కెట్లు ఇదే చదువుతో నడుస్తాయి. బీకాం వాళ్లకు ఎక్సెల్ పక్కన టాలీ తప్పనిసరి. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఈ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1986లో మొదలైంది. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి రావడంతో, అప్పటిదాకా చేతి పద్దులతో నెట్టుకొచ్చిన చిన్న వ్యాపారులు కూడా నెలనెలా రిటర్నులు వేయాల్సి వచ్చి టాలీ తెలిసిన కుర్రాళ్ల కోసం వెతుక్కున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లు సర్టిఫికెట్ అడగరు. పాత నెల బిల్లుల కట్ట ఒకటి ముందు పెట్టి, ఎంట్రీ చేసి చూపించమంటారు.